కడుపుమంట బిళ్ళ - పంటి గూటి ఎముక

ఉదయము లేవగానే, కాఫీకంటె ముందు, పరగడుపున ఒక చిన్న బిళ్ళను మ్రింగుట నేడు మన ఇండ్లలో పళ్ళు తోముకొనుటవలెనే నిత్యకృత్యమైనది. దానిని మనవారు ‘గ్యాస్ బిళ్ళ’ యందురు. ఓమెప్రజోలు, పాంటోప్రజోలు, రాబిప్రజోలు, ఈసోమెప్రజోలు అను పేర్లతో దొరకు ఈ మందులన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. కడుపులోని పుండ్లను మాన్పుటకై పుట్టిన ఈ మందు పంటి చుట్టునున్న ఎముకపై ఏమైన ప్రభావము చూపగలదా అను ప్రశ్న కొన్ని సంవత్సరములుగా దంతవైద్యులను ఆలోచింపజేయుచున్నది.

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకములలో ఎదురుకాలేదు. మా పెదనాన్నగారి నోట వినబడినది. ఆయనకు డెబ్బది యొక్క ఏండ్లు. గుండెకు స్టెంటు వేసిన నాటినుండి ఆస్పిరినును, దానితోపాటు పాంటోప్రజోలును ఎనిమిది ఏండ్లుగా వాడుచున్నారు. క్రింది దవడలో ఒక దంతము ఊడిపోగా, దాని స్థానమున ఇంప్లాంటు పెట్టించుకొనుటకు వెళ్ళినారు. దంతవైద్యురాలు మందుల చీటీ చూచి, “ఈ గ్యాస్ బిళ్ళ ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నారండీ?” అని అడిగినదట. ఆయన ఇంటికి వచ్చి నన్ను పిలిపించి, “ఏరా, నువ్వు కాలేజీలో పాఠాలు చెబుతావు కదా, పొట్టకు వేసుకునే బిళ్ళకీ పంటికీ ఏం సంబంధంరా?” అన్నారు. నేను చెప్పునది వినకమునుపే బిళ్ళ మానివేసినారు కూడ. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు సంబంధమేమో చూతము.

జీర్ణాశయపు లోపలి పొరలో పెరైటల్ కణములు అను ప్రత్యేక కణములు కలవు. మనము తిన్న ఆహారమును జీర్ణింపజేయుటకును, దానితో వచ్చిన సూక్ష్మజీవులను చంపుటకును కావలసిన హైడ్రోక్లోరికామ్లమును ఇవియే తయారుచేయును. ఈ పని ఎంత కష్టమైనదో అంకెలలో చూచిననే తెలియును. మన రక్తపు పి.హెచ్. సుమారు 7.4. పెరైటల్ కణములోని సన్నని కాలువలలో పి.హెచ్. 1 దరిదాపున ఉండును. పి.హెచ్. ఒక అంకె తగ్గినపుడెల్ల ఆమ్లత పదిరెట్లు పెరుగును. అనగా ఈ కణము రక్తములోకంటె ఇంచుమించు 25 లక్షల రెట్లు అధికమైన ఆమ్లతను అవతలి ప్రక్కన నిలబెట్టుచున్నది. లోతైన బావినుండి మోటతో నీరు తోడి ఎత్తైన మెట్టచేనికి పారించుట వంటిదీ పని. మోటకు ఎద్దులున్నట్లే దీనికిని శక్తి కావలెను. కణము ఏ.టి.పి. అను పదార్థమును ఖర్చుచేసి ఆ శక్తిని సమకూర్చుకొనును. మోట స్థానమున నున్నది ఒక ఎంజైము. అది ఒక హైడ్రోజను అయానును, అనగా ప్రోటానును, బయటికి నెట్టుచు, బదులుగా ఒక పొటాసియము అయానును లోనికి తీసికొనును. కావుననే దానికి ప్రోటాను పంపు అని పేరు వచ్చినది.

కడుపులో పుండు పడుటకు కారమును, పులుపును, దిగులును కారణములని చిరకాలము నమ్మిరి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు హెలికోబాక్టర్ పైలోరి అను బాక్టీరియాను జీర్ణాశయమునుండి తీసి పెంచగలిగిరి. ఎక్కువ పుండ్లకు అదియే మూలమని వారు వాదించిరి. ఎవరును నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ద్రవమును తానే త్రాగి జబ్బు తెచ్చుకొనెను! వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. పుండ్లకు రెండవ ముఖ్యకారణము నొప్పి బిళ్ళలు, ఆస్పిరిను. మూలమేదైనను, పుండుమీద ఆమ్లము పడుచున్నంతకాలము అది మానదు. అందుచేత ఆమ్లమును తగ్గించుటయే చికిత్సలో ముఖ్యభాగము. జేమ్స్ బ్లాక్ కృషివలన 1976లో వచ్చిన సిమెటిడిను అను మందు హిస్టమిను సంకేతము పెరైటల్ కణమునకు అందకుండ అడ్డుపడెను. ఐనను ఆ కణమునకు ఇతర మార్గములనుండి కూడ సంకేతములు వచ్చుచునే యుండును. 1988లో బజారునకు వచ్చిన ఓమెప్రజోలు అట్లుకాక, సంకేతముల జోలికి పోక, పంపునే పట్టుకొన్నది. అందుకే దాని పట్టు అంత బలమైనది.

ఈ మందు పనిచేయు తీరు చాల చమత్కారముగ ఉన్నది. బిళ్ళలో నున్నపుడును, రక్తములో తిరుగుచున్నపుడును అది తాళము వేసిన పెట్టెవంటిది. ఎవరికిని మేలుగాని కీడుగాని చేయజాలదు. తీక్ష్ణమైన ఆమ్లము తగిలినపుడే ఆ తాళము తెరచుకొని మందు క్రియాశీలమగును. శరీరములో అంత తీక్ష్ణమైన ఆమ్లమున్న చోటు పెరైటల్ కణపు కాలువయే. అక్కడ అది పంపులోని సిస్టైను అను భాగమునకు గంధకపు బంధముతో అతుకుకొనును. ఒకసారి అతికిన తరువాత ఆ పంపు ఇక పనికిరాదు. రక్తములో ఈ మందు సగమగుటకు సుమారు గంటసేపు చాలును. ఐనను ఆమ్లము ఒక దినమునకు మించి తగ్గియుండును. కణము క్రొత్త పంపులను తయారుచేసికొనవలెను గదా! అన్నట్లు, టిఫినుకు అరగంట ముందు ఈ బిళ్ళ వేసికొనుమని వైద్యులు చెప్పుట ఆచారముకొరకు కాదు. తిండి తినుచున్నపుడే పంపులు పనిలోనికి దిగును. పనిచేయుచున్న పంపునే మందు పట్టుకొనగలదు.

ఇక పంటివద్దకు వత్తము.

ఎముక అనగానే రాయివంటి నిర్జీవ పదార్థమని తలచుట సాధారణము. నిజమునకు మన అస్థిపంజరములో ఏటేట సుమారు పదవవంతు పాతది పోయి క్రొత్తది ఏర్పడుచుండును. ఆస్టియోక్లాస్టులు అను పెద్ద కణములు పాత ఎముకను తొలుచును. ఆస్టియోబ్లాస్టులు అను కణములు ఆ గుంటను క్రొత్త ఎముకతో పూడ్చును. మొదటివారిని గడ్డపార పట్టిన కూలీలనియు, రెండవవారిని తాపీమేస్త్రీలనియు అనుకొనవచ్చును. ఒక గుంట త్రవ్వుటకు సుమారు మూడు వారములు పట్టిన, దానిని పూడ్చుటకు మూడు నాలుగు నెలలు పట్టును. పాత ఇల్లు పడగొట్టుట ఎంతసేపు, కట్టుట ఎంతసేపు!

పంటి గూటి ఎముకలో ఈ త్రవ్వకము, పూడ్పు మిగిలిన ఎముకలలోకంటె చురుకుగా సాగును. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడి లేదు. పంటివేరునకును గూటి ఎముకకును నడుమ మిల్లీమీటరులో ఐదవవంతు మందమున్న నారల పొర ఒకటి కలదు. నులకమంచమును పట్టెలకు బిగించిన త్రాళ్ళవలె ఆ నారలు పంటిని గూటికి కట్టియుంచును. నమలినపుడెల్ల పన్ను రవంత క్రుంగి మరల లేచును. ఆ ఒత్తిడిని బట్టి ఎముక ఒకచోట తరుగుచు, మరియొకచోట పెరుగుచు, తన్ను తాను సరిదిద్దుకొనుచుండును. వంకరపళ్ళకు తీగె కట్టి సరిచేయుట ఈ గుణము వలననే సాధ్యమగుచున్నది. పన్ను ఊడిపోయి నమలు ఒత్తిడి లేకపోయిన, ఆ గూటి ఎముక క్రమముగ క్రుంగిపోవును. వృద్ధుల దవడలు చిక్కిపోవుటకు కారణమిదియే. చిగుళ్ళవ్యాధిలోను ఇట్టిదే జరుగును: పాచిలోని బాక్టీరియాతో శరీరము చేయు పోరాటములో ఆస్టియోక్లాస్టులు అవసరమునకు మించి పుట్టి, పంటి చుట్టునున్న ఎముకను కొరికివేయును. పళ్ళు కదలుట అప్పుడే మొదలగును.

ఆస్టియోక్లాస్టు ఎముకను ఎట్లు తొలుచును? దానికి గడ్డపారలేదు; దాని ఆయుధము కూడ ఆమ్లమే. శుభ్రముగా కడిగిన కోడికాలి ఎముకను వెనిగరులో కొన్ని దినములు నానవేసి చూడుడు. విరుగవలసిన ఎముక రబ్బరువలె వంగును. దానిలోని కాల్షియము ఫాస్ఫేటు లవణము ఆమ్లములో కరగిపోగా, మెత్తని ప్రోటీను మాత్రము మిగులును. నా విద్యార్థులకు ప్రతియేటను ఇది చూపుదును. ప్రతియేటను ఎవరో ఒకరు ఆ ఎముకను ముడివేయవలెనని ప్రయత్నింతురు. ఆస్టియోక్లాస్టు చేయునదియు ఇదియే. అది ఎముకకు జలగవలె అంటుకొని, అంచులను మూసివేసి, తన క్రింద ఏర్పడిన చిన్న గదిలోనికి ప్రోటానులను పంపుచేయును. ఆ గదిలో పి.హెచ్. 4.5 వరకు దిగును. లవణము కరగిన పిదప, మిగిలిన ప్రోటీనును ఎంజైములు అరగించును. ఆ విధముగ చూచిన ఆస్టియోక్లాస్టు ఒక చిన్న జీర్ణాశయమే!

ఈ పంపు చెడిపోయినచో ఏమగునో ప్రకృతియే చూపినది. 1904లో జర్మను వైద్యుడు ఆల్బర్స్ షోన్‌బెర్గ్ చలువరాయివలె గట్టిపడిన ఎముకలు గల ఒక రోగమును ఎక్స్‌రేలో కనిపెట్టెను. ఇట్టి రోగములలో పసిబిడ్డలకు వచ్చు తీవ్రరూపమునకు ఆస్టియోక్లాస్టు పంపులోని ఒక భాగపు జన్యువు చెడుటయే పెక్కుమారులు కారణమని 2000 ప్రాంతమున తేలినది. ఆ బిడ్డలకు ఎముకలు దట్టముగ నుండును, ఐనను పెళుసుగ విరుగును. పళ్ళు దవడలోనే చిక్కుకొని బయటికి రావు. వాటికి దారి తొలుచువారు లేరు. పడగొట్టువాడు లేనిదే కట్టువాడు కూడ సరిగ కట్టలేడని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు పాఠకుడు అడుగబోవు ప్రశ్న నాకు తెలియును. కడుపులోని ప్రోటాను పంపును ఆపు మందు ఎముకలోని ప్రోటాను పంపును కూడ ఆపునా? సరిగ్గా ఈ ప్రశ్ననే ఫిన్లాండు శాస్త్రజ్ఞులు టూక్కనెన్, వానానెన్ వేసికొని, ఓమెప్రజోలు ఇంకను బజారునకు రాకమునుపే, 1986లో జవాబు ప్రకటించిరి. గాజుపాత్రలలో పెంచిన ఎముకలో ఓమెప్రజోలు అస్థిక్షయమును తగ్గించినదని వారు చూపిరి. ఆపునన్నమాట!

ఐనను ఇక్కడ తొందరపడరాదు. రెండు పంపులు దాయాదులేగాని కవలలు కారు. కడుపు పంపు పొటాసియముతో మారకము చేయును. ఎముక పంపు వి-ఏ.టి.పి.యేజ్ అను వేరొక తెగ, దాని నిర్మాణము వేరు. మరియు మందు తాళము తెరచుటకు తీక్ష్ణమైన ఆమ్లము కావలెనంటిమి. ఎముక క్రింది గదిలోని 4.5 పి.హెచ్. కడుపు కాలువలోని ఆమ్లతకంటె ఇంచుమించు మూడువేల రెట్లు బలహీనము. అక్కడ తాళము తెరచుకొనుట చాల నిదానము. ఈలోపల రక్తములోని మందు గంటకు సగము చొప్పున తరిగిపోవుచుండును. గాజుపాత్రలో మందును కావలసినంత గాఢతలో, కావలసినంతసేపు ఉంచవచ్చును. మనిషి దవడలో అట్లు కాదు. కావున గాజుపాత్రలో జరిగినదంతయు నోటిలోను జరుగునని అనుట పొరపాటు.

మేస్త్రీల సంగతియు చూడవలెను. ఎముక గట్టిపడుటకు ఆస్టియోబ్లాస్టులు ఫాస్ఫేటును విడుదల చేయవలెను. అందుకు ఫాస్ఫటేజు అను ఎంజైములు వాటికి ఉన్నవి. ఫాస్ఫేటును కొలుచుటకు 1925లో ఫిస్కెతో కలిసి సులభమైన రంగుపద్ధతి కనిపెట్టినవాడు మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పద్ధతి నేటికిని బోధనాశాలలలో సజీవముగ నున్నది. లాన్సొప్రజోలు వంటి మందులు ఈ ఎంజైములను మందగింపజేయగలవని ప్రయోగశాలలలో కనబడినది. అనగా త్రవ్వువారికిని, పూడ్చువారికిని కూడ కొంత అడ్డు కలుగవచ్చును.

కణములనుండి దూరముగ, ప్రేగులలో, మరియొక దారి కలదు. కాల్షియము బిళ్ళలలో ఎక్కువ భాగము కాల్షియము కార్బొనేటు. అనగా సున్నపురాతి జాతి. అది కరగుటకు ఆమ్లము కావలెను. 2005లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో అరువదియైదేండ్లు పైబడిన స్త్రీలకు వారముపాటు ఓమెప్రజోలు ఇచ్చి, పరగడుపున వేసికొన్న కాల్షియము కార్బొనేటులో ఎంత ఒంటబట్టినదో కొలిచిరి. మందులేనపుడు నూటికి 9.1 పాళ్ళు ఒంటబట్టగా, మందుతో 3.5 పాళ్ళే ఒంటబట్టినది. ఇది విని భయపడనక్కరలేదు. కడుపులో ఆమ్లమే ఊరనివారికి కూడ భోజనముతోపాటు ఇచ్చిన కార్బొనేటు చక్కగా ఒంటబట్టినదని 1985లోనే తేలినది. కాల్షియము సిట్రేటుకైతే ఆమ్లముతో అంత పనిలేదు. మన ఇండ్లలో గ్యాస్ బిళ్ళను, కాల్షియము బిళ్ళను కలిపి ఒకేసారి పరగడుపున మ్రింగు పెద్దవారిని నేను చూచితిని. ఆ కాల్షియములో చాలభాగము వృథా.

ఇంతకును మనుష్యులలో ఏమి కనబడినది? 2006లో బ్రిటను వైద్యుల రికార్డులను పరిశీలించి, ఏబది ఏండ్లు దాటినవారిలో ఏడాదికి మించి ఈ మందు వాడినవారికి తుంటి ఎముక విరుగు అవకాశము ఇతరులకంటె 1.44 రెట్లున్నదని ప్రకటించిరి. వేయిమందిలో పదిమందికి విరుగవలసినచోట పదునలుగురికి విరుగునని ఊహకొరకు చెప్పుకొనవచ్చును. 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందులపై ఎముకల గూర్చిన హెచ్చరికను చేర్చినది.

తరువాత దంతవైద్యులు తమ పట్టికలు తీసిరి. ఇంప్లాంటు అనగా దవడ ఎముకలో బిగించు టైటేనియపు మర. టైటేనియముతో ఎముక విడదీయరానంతగ అతుకుకొనునని కనుగొని, 1965లో మొదటిసారి మనిషికి అట్టి దంతమూలమును అమర్చినవాడు స్వీడనులోని గోటెబోర్గ్ నగరపు బ్రోనెమార్క్. ఓమెప్రజోలు పుట్టిన హెస్లె పరిశోధనాలయము కూడ ఆ నగరమును ఆనుకొనియున్న మోల్న్‌డాల్‌లోనిదే! ఒకే ఊరి ప్రక్కప్రక్కల పుట్టిన ఈ రెండును ఒకనాడు ఒకే నోటిలో తగవులాడునని ఎవరూహింతురు? మర బిగించిన తరువాత దాని చుట్టునున్న దెబ్బతిన్న ఎముకను కూలీలు తీసివేయవలెను, మేస్త్రీలు క్రొత్తది కట్టవలెను. అప్పుడే అది అతుకుకొనును. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారు 2017లో ప్రకటించిన పరిశీలనలో, ఈ మందు వాడువారి ఇంప్లాంటులలో నూటికి 6.8, వాడనివారిలో 3.2 విఫలమైనవి. దంతవైద్యురాలి ప్రశ్నకు మూలము ఇట్టి అంకెలే. ఐతే అదే లెక్కను తిప్పి చూడుడు: మందు వాడినవారిలోను నూటికి తొంబదిమూడు నిలిచినవి.

దీనికి ఎదురుగ ఇంకొక వింత. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయమువారు వేయిమందికి పైగా చిగుళ్ళరోగుల పట్టికలు చూచి 2020లో ప్రకటించినదేమనగా, ఈ మందు వాడువారిలో ఆరు మిల్లీమీటర్లు, అంతకు మించి లోతైన చిగురుసంచులు గల పళ్ళు నూటికి 14, వాడనివారిలో 24. అనగా మందు వాడువారి చిగుళ్ళే మెరుగు! పైన చెప్పిన కథను గుర్తు తెచ్చుకొన్నచో ఇందు వైరుధ్యము లేదు. చిగుళ్ళవ్యాధిలో కీడు చేయునది అతిగా తొలుచుట. కూలీల చేయి కాస్త నెమ్మదించిన అక్కడ మేలు. ఇంప్లాంటు చుట్టు కావలసినది చురుకైన త్రవ్వకము, పూడ్పు. అక్కడ నెమ్మది కీడు. సూక్ష్మజీవులలో వచ్చు మార్పు కూడ ఒక కారణము కావచ్చును. ఈ వివరణ నాకు సబబుగ తోచుచున్నది. ఐనను సబబుగ తోచుట వేరు, రుజువగుట వేరు.

ఏలనన, పై మూడును పట్టికలు చూచి చేసినవే. గ్యాస్ బిళ్ళ దీర్ఘకాలము వాడువారు సామాన్యముగ వృద్ధులు, ఇతర రోగములు కలవారు, పలుమందులు మ్రింగువారు. ఎముక విరిగినది బిళ్ళవలననా, ఆ రోగములవలననా? దీనిని తేల్చుటకు ఒకే మార్గము: చీట్లు వేసినట్లు మనుష్యులను రెండు జట్లుగ విడదీసి, ఒక జట్టుకు మందు, రెండవ జట్టుకు మందువలె కనబడు ఉత్తబిళ్ళ ఇచ్చుట. అట్టి పెద్ద ప్రయోగము ఒకటి జరిగినది. ఆస్పిరిను మొదలగు రక్తము పలుచజేయు మందులు వాడు 17,598 మందికి సుమారు మూడేండ్లు పాంటోప్రజోలు గాని ఉత్తబిళ్ళ గాని ఇచ్చిరి. 2019లో వెలువడిన ఫలితములలో ఎముకలు విరుగుట రెండు జట్లలోను ఇంచుమించు సమానమే. ప్రేగుల ఇన్ఫెక్షను మాత్రము మందు జట్టులో కొంచెము హెచ్చు: నూటికి 1.4, రెండవదానిలో 1.0. ఆ ప్రయోగము ఎనిమిదేండ్లు సాగలేదు, పళ్ళను చూడలేదు, నిజమే. ఐనను తుంటి ఎముక గూర్చిన భయమును అది చాలవరకు తగ్గించినది.

ఇక పెదనాన్నగారి సంగతి. ఆయన బిళ్ళ మానిన నాలుగవనాటికి రొమ్ములో మంట, పులిత్రేన్పులు మొదలైనవి. “చూశావా, ఇన్నాళ్ళూ ఈ మంటను బిళ్ళే ఆపింది, నాకు పుండే ఉంది” అన్నారు. అది పుండేయని చెప్పుటకు వీలులేదు. ఆమ్లము తగ్గినపుడు శరీరము గాస్ట్రిను అను హార్మోనును ఎక్కువ చేసి కడుపును తొందరపెట్టుచుండును. బిళ్ళ హఠాత్తుగ ఆపిన, ఆ తొందర మిగిలిపోయి ఆమ్లము వెల్లువగ వచ్చును. డెన్మార్కులో ఏ జబ్బును లేనివారికే ఎనిమిది వారములు ఈ మందిచ్చి ఆపగా, నూటికి 44 మందికి ఇట్టి బాధలు కలిగినవి. ఉత్తబిళ్ళ తిన్నవారిలో 15 మందికే. ఈ ఫలితము 2009లో వెలువడినది. ఊరికే అలవాటుగ వాడువారు మానదలచిన, వైద్యుని అడిగి మోతాదు క్రమముగ తగ్గించుట అందుకే.

కాని నన్ను భయపెట్టినది మంట కాదు. ఆయన బిళ్ళ మానినారు గాని ఆస్పిరిను మానలేదు. ఆస్పిరిను జీర్ణాశయపు రక్షణపొరను పలుచజేయును. ఆ వయస్సున పైన కాపు లేక కడుపులో రక్తస్రావము కలిగిన ప్రాణాపాయము. పంటికొరకు ప్రాణము పణము పెట్టినట్లగును. ఆ సాయంకాలమే ఆయనను గుండెవైద్యునివద్దకు తీసికొనిపోతిని. ఆయన చీటీ చూచి, ఈ బిళ్ళ ఆయనకు తప్పనిసరి యని చెప్పి మరల మొదలుపెట్టించినారు; 40 మిల్లీగ్రాముల మోతాదును 20కి తగ్గించినారు. మా పెద్దమ్మకు అట్టి అవసరమేమియు లేదు. ఆమె అయిదేండ్లుగా ఆయన డబ్బాలోనుండి రోజునకొకటి తీసి వేసికొనుచున్నదని అప్పుడే బయటపడినది! ఆమెకు వైద్యుడు మెల్లగ మాన్పించుచున్నాడు.

దంతవైద్యురాలు సంగతి విని ఇంప్లాంటు మానలేదు. విటమిను డి కొలిపించినది, కాల్షియమును భోజనముతో వేసికొమ్మన్నది, మర బిగించి, పైపన్ను తొడుగుటకు మామూలుగ మూడునెలలు ఆగునది ఆరునెలలు ఆగుదమన్నది. ఇప్పటికి నాలుగు నెలలైనది. ఎక్స్‌రేలో మర చుట్టు ఎముక దట్టముగనే కనబడుచున్నది. పెదనాన్నగారు ఎడమప్రక్కనే నములుచు, జంతికలవంక మాత్రము కోపముగ చూచుచున్నారు.